సిగ్నల్ అందే బండ

అబ్దుల్ వాహిద్ కువైట్ నుంచి పూర్తిగా వచ్చేసి ఎనిమిది నెలలైంది. ఇరవై ఆరేళ్ళు అక్కడ నీళ్ళ ట్యాంకర్ తోలాడు. ఎడారిలో గొర్రెల మందలకూ, గుడారాలకూ, కొత్తగా ఇళ్ళు లేస్తున్న చోట్లకూ నీళ్ళు చేర్చడం అతని పని. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చేవాడు. ఆ రెండు నెలలూ ఇంట్లో రంజాను పండగే. ఈసారి రెండు నెలలు దాటినా అతను తిరిగి విమానం ఎక్కలేదు. దాంతో ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

ఎవరికీ అంటే భార్య అఫ్సానాకే. ఒక్కతే కూతురు నిఖత్ పులివెందులలో అత్తగారింట్లో ఉంది. అఫ్సానా ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లు వేసి, ముగ్గురు ఆడవాళ్ళను పెట్టుకుని రవికెలు కుట్టిస్తుంది. పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం దాకా ఆ గది మిషన్ల మోతతో, నవ్వులతో నిండి ఉంటుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కుర్చీలో కూర్చున్న వాహిద్‌ని చూసి గడప దగ్గరే ఆగిపోయేవాళ్ళు. "మళ్ళొస్తాంలే అఫ్సానా" అని వెనక్కి తిరిగేవాళ్ళు. నాలుగు రోజులు చూసి అతను కుర్చీ వరండాలోకి మార్చుకున్నాడు. మెట్ల కింద ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు కూడా తగ్గిపోయాయని గమనించాక మిద్దె మీదికి పోయాడు.

టీ పొడి ఏ డబ్బాలో ఉంటుందో అతనికి తెలియదు. వంటింట్లోకి పోయి మూతలు తీస్తుంటే, అఫ్సానా కుట్టు ఆపి లేచి వచ్చి, "నువ్వెందుకు? నేను పెడతా గదా" అనేది. టీ సాసరులో పెట్టి తెచ్చేది. అన్నం నీలి అంచు పళ్ళెంలో వడ్డించేది. అవి చుట్టాలు వచ్చినప్పుడు బీరువాలోంచి తీసే పళ్ళేలని, తను మాత్రం సత్తు పళ్ళెంలో తింటుందని అతను కనిపెట్టేసరికి ఆరో నెల వచ్చింది. అడగాలనుకున్నాడు. ఎట్లా అడగాలో తెలియలేదు.

వాళ్ళ మధ్య తగాదా ఏమీ లేదు. ఇరవై ఆరేళ్ళూ వాళ్ళ సంసారం ఫోనులోనే జరిగింది. మొదట్లో టెలిఫోను బూతులో నిలబడి, తర్వాత గీకే కార్డులతో, ఆపైన సెల్లులో. డ్యూటీ దిగి స్నానం చేసి, ఆరుగురుండే గదిలోంచి బయటికొచ్చి అతను ఫోను చేసేవాడు. నలభై నిమిషాలకు తక్కువ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నిఖత్‌కి జ్వరమొచ్చిన రోజు, వీధి కాలువ పొంగి ఇంట్లోకొచ్చిన రోజు, ఎవరో కొలతలు తప్పిచ్చి మళ్ళీ ఆమెనే తిట్టిన రోజు, అన్నీ అతనికి తెలుసు. ఫోనులో అఫ్సానా ఎగతాళి చేసేది, అలిగేది, ఏడ్చేది. "మామా" అని పిలిచేది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె పిలిచే పిలుపు అదే.

ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఆమె అతన్ని ఏమనీ పిలవలేదు. "అన్నం పెట్టేదా?" అనేది. "నీళ్ళు కాగినాయి" అనేది. అతనూ అంతే. మిద్దె మీద కూర్చున్నప్పుడు ఎన్నో అనుకునేవాడు. కిందికి దిగి ఆమె మొహం చూడగానే ఆ మాటలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయేవి.

కువైట్‌లో ఉన్నప్పుడు అతనికి ఏసీ మోతకు నిద్ర పట్టేది కాదు. గదిలో ఉండే మలయాళీ ఒకాయన ఫోనులో ఒక వీడియో చూపించాడు. అడవిలో వాన. ఎనిమిది గంటల పాటు ఆకుల మీద వాన పడుతూనే ఉంటుంది. ఎన్నో ఏళ్ళు వాహిద్ అది చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోయాడు. అట్లాంటి అడవికి మనం ఒకసారి పోవాలని అఫ్సానాతో చెప్పేవాడు. "పోదాం మామా. నువ్వు రా, పోదాం" అనేది ఆమె.

ఆ మాట ఇప్పుడు గుర్తు చేశాడు. ఆమె కాదనలేదు. నిఖత్ తన ఫోనులో వెతికి, కర్ణాటకలో ఆగుంబె అవతల, వర్షారణ్యంలో ఉన్న ఒక ఎకో లాడ్జి పట్టింది. అడవి జంతువుల్ని చూపించే లాడ్జి. సింహానికి ఉన్నట్టు మొహం చుట్టూ జూలు ఉండే సింగళీక కోతులు అక్కడ కనబడతాయట. కార్తీకంలో నాలుగు రాత్రులకు ఇద్దరి పేర్ల మీదా గది చెప్పింది. అఫ్సానా బజారుకు పోయి గుడ్డ బూట్లు కూడా కొనుక్కొచ్చింది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం దువ్వూరు నుంచి ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. పదమూడు రవికెలు, ఆరు రోజుల్లో కావాలి. వాహిద్ మెట్ల మీద నుంచి విన్నాడు. కాదని చెప్పడానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె అనలేదు.

కాసేపటికి మిద్దె మీదికొచ్చింది. అంచులు కుట్టిన దారం ముక్కలు ఇంకా చేతికి అంటుకునే ఉన్నాయి.

"నువ్వు పోయిరా. గది చెప్పినాం గదా, ఊరికే యాల పోగొట్టేది" అంది.

"నువ్వో?"

"నేను యాడికి వచ్చేది? పెండ్లికూతురి గుడ్డలు. మాట ఇచ్చేస్తి."

ఆమె మొహంలో అతనికి కనబడింది బాధ కాదు. చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలిన మనిషి మొహం అది. అతనికి కష్టమనిపించింది. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు ఒకే గదిలో ఏం మాట్లాడుకోవాలా అని అతనూ వారం నుంచి మథనపడుతూనే ఉన్నాడు. అందుకే ఇంకో మాట అనకుండా "సరే" అన్నాడు.

*

బెంగళూరులో ఒక బస్సు, షిమోగాలో ఇంకో బస్సు మారి, ఆగుంబెలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. లాడ్జి జీపు వచ్చి తీసుకుపోయింది. చెక్కలతో కట్టిన పది గదులు, మధ్యలో ఒక భోజనశాల. చుట్టూ చెట్లు. తల ఎత్తి చూస్తే ఆకులే గానీ ఆకాశం లేదు. ఫోనులో సిగ్నల్ ఆగుంబె దాటగానే పోయింది.

లాడ్జి రిజిస్టరు తిరగేసిన అమ్మాయి హిందీలో అడిగింది. "ఇద్దరని ఉంది సార్. మేడమ్ రాలేదా?"

"వెనక వస్తాంది. ఎల్లుండి" అన్నాడు వాహిద్.

ఎందుకట్లా అన్నాడో అతనికే తెలియదు. నోటికి అదే వచ్చింది.

గదిలో రెండు మంచాలు, రెండు తువ్వాళ్ళు, జలగలు పాకకుండా మోకాళ్ళ దాకా తొడుక్కునే గుడ్డ మేజోళ్ళు రెండు జతలు. ఒక మంచం మీద సంచి పెట్టి, ఇంకోదాని మీద తను పడుకున్నాడు. భోజనాల దగ్గర అతని బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టి, తర్వాత గుర్తొచ్చి ఒకటి తీసేశారు. పక్క బల్ల దగ్గర బెంగళూరు నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. అవతల పెద్ద పెద్ద కెమెరాలతో ఇద్దరు స్నేహితులు. మూల బల్ల దగ్గర కొత్తగా పెళ్ళయిన జంట. ప్రతి బల్లకూ దాని మాటలు దానికున్నాయి. వాహిద్ తలవంచుకుని నీరుదోసెలు తిని గదికి పోయాడు.

వాన మొదలైంది. అన్నేళ్ళు చెవిలో విన్న వాన. కానీ వీడియోలో వాన ఒక్కతీరుగా కురిసేది. ఈ వాన ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది, ఆగినాక కూడా ఆకుల మీద నుంచి చుక్కచుక్కగా రాలుతోంది. అతనికి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున అందర్నీ అడవిలోకి తీసుకుపోయిన మనిషి పేరు దుగ్గప్ప. యాభై దాటినవాడు, ఘాటు కింది పల్లెలో పుట్టాడు. అతని హిందీలో సగం కన్నడం, వాహిద్ హిందీలో సగం తెలుగు. ఇద్దరూ ఆ కలగాపులగం భాషలోనే మాట్లాడుకున్నారు, ఏ ఇబ్బందీ రాలేదు. పది గంటలప్పుడు కూడా అడవి లోపల మసక చీకటిగా ఉంది. మధ్యాహ్నం వాహిద్ నమాజు చేసుకోవాలంటే పడమర ఏ దిక్కో తెలియలేదు. ఎండే లేదు.

"అటు" అని దుగ్గప్ప కొండ జారిపోయే వైపు చెయ్యి చూపించాడు. "ఆ కింద సముద్రం. నీళ్ళన్నీ అటే పోతాయి."

ఆ సముద్రానికి అవతలే తను ఇరవై ఆరేళ్ళున్నాడు. అప్పుడు ఇంటి దిక్కు తూర్పున ఉండేది. వాహిద్ తడి ఆకుల మీద తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాడు. దుగ్గప్ప కాస్త దూరంలో నిలబడి పిల్లల్ని అరవొద్దని సైగ చేశాడు.

ఆ రోజు ఎర్రగా, పిల్లి కంటే పొడుగున్న పెద్ద ఉడుత ఒకటి కనబడింది. కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కాయ కొరుకుతోంది. సింగళీకలు మాత్రం కనబడలేదు. తిరిగొస్తూ దుగ్గప్ప అన్నాడు. "రేపు మేడమ్ వస్తారుగా, కనబడతాయి లెండి. ఆమె లేకుండా మీరొక్కరే చూస్తే ఇంటికి పోయినాక మాట పడాలి. ఏ బస్సుకి వస్తారు? జీపు పంపిస్తారు."

"పదకొండు గంటల బస్సు" అన్నాడు వాహిద్.

మర్నాడు తెల్లవారగానే దుగ్గప్ప తలుపు తట్టాడు. మిగతా వాళ్ళు ఇంకా లేవలేదు. ముందు రోజు దొరికిన కొరికిన కాయల్ని బట్టి కోతుల గుంపు ఎటు తిరుగుతోందో అతనికి తెలిసింది. ఇద్దరే నడిచారు. పడిపోయిన ఒక మాను మీద కూర్చుని ఎదురుచూశారు. గంట గడిచింది. దుగ్గప్ప వాచీ చూసుకుని, "మనం పది లోపల తిరిగిపోదాం. జీపులో మీరు కూడా ఆగుంబె పోవాలి కదా" అన్నాడు.

వాహిద్ బూటు మీది బురద గీకుతూ కూర్చున్నాడు.

"జీపు వద్దప్పా. ఆమె రాదు" అన్నాడు.

"బస్సు తప్పిందా?"

"బయల్దేరనే లేదు."

దుగ్గప్ప అడిగాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగుండాది."

"జగడమా?"

"జగడం కూడా లేదు." వాహిద్ ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొన్నటిదాకా మొహం కూడా తెలియని మనిషికి, సగం సగం భాషలో, మెల్లగా చెప్పాడు. "ఇరవై ఆరేండ్లు ఫోన్లోనే సంసారం చేసినాం. ఇప్పుడు ఎదురుబొదురుగా కూచుంటే ఇద్దరికీ మాట రాదు. నేను ఇంటికొచ్చిన చుట్టం మాదిరి ఉండా. ఆమె మర్యాద చేస్తాంటాది."

దుగ్గప్ప ఏమీ ఓదార్చలేదు. మేజోడు మీద పాకుతున్న జలగను వేలితో చిమ్మి, "జీపు వద్దని చెప్తాను" అన్నాడు. అంతలోనే అతని చెయ్యి వాహిద్ మోకాలి మీద పడింది.

పైన కొమ్మలు కదులుతున్నాయి. మొదట నల్లటి చెయ్యి ఒకటి కనబడింది. తర్వాత మొహం. బొగ్గులాంటి నలుపు, దాని చుట్టూ తెల్లటి జూలు. ఒకటి తర్వాత ఒకటి, పదిహేను దాకా వచ్చాయి. చప్పుడే లేదు. ఎండిన బెరడు చీల్చి పురుగులు ఏరుకుంటున్నాయి. ఒక తల్లి పొట్టకు కరుచుకున్న పిల్ల మొహం మాత్రం నల్లబడలేదు, లేత ఎరుపులో ఉంది. అన్నిటికంటే పెద్ద మగది వాళ్ళ నెత్తి మీదికే వచ్చి కూర్చుంది. తోక చివర కుచ్చు ఊగుతోంది. వంగి వాహిద్ కళ్ళలోకి చూసింది. ఆ చూపులో భయమూ లేదు, కోపమూ లేదు. చూసి, తనకు పనికొచ్చేది కాదన్నట్టు తల తిప్పుకుంది.

వాహిద్ ఎడమ పక్కకు తిరిగి "చూడు" అనబోయాడు. పక్కన వానకు తడిసిన ఆకులున్నాయి. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. కోతులు ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నాయి. చివరి పది నిమిషాలు అతనికి సరిగా కనబడలేదు, కళ్ళు మసకబారాయి.

తిరిగొచ్చే దారిలో దుగ్గప్ప ఒక చీలిక దగ్గర ఆగాడు. "ఇట్లా పైకి రెండు కిలోమీటర్లు పోతే ఒక పెద్ద బండ వస్తుంది. దాని మీద సిగ్నల్ అందుతుంది. మేమంతా ఇంటికి ఫోను చేసుకోవాలంటే అక్కడికే పోతాం" అన్నాడు.

*

మధ్యాహ్నం వాహిద్ ఒక్కడే ఎక్కాడు. బండ మీద నుంచి కింద లోయంతా కనబడుతోంది. పొగమంచు చెట్ల మధ్య నుంచి లేస్తోంది. ఫోను పైకెత్తి పట్టుకుంటే రెండు గీతలు వచ్చాయి.

ఒక్క రింగుకే ఎత్తింది.

"మామా! యాడుండావు? రెండు దినాల్నుంచి ఫోను కలవకపాయ. నాకు ఈడ గుండె గుండెగా ల్యా."

ఎనిమిది నెలల తర్వాత ఆ పిలుపు. వాహిద్ బండ మీద కూర్చున్నాడు.

"అడవిలో సిగ్నల్ ల్యామ్మే. కొండెక్కినా, నీకు ఫోను చేసేదానికి."

"ఏమైనా తిన్న్యావా? ఏందన్నా కనపడినాదా?"

చెప్పాడు. సింగళీక జూలు చెప్పాడు, పిల్ల మొహం చెప్పాడు, మగది తనను చూసి మొహం తిప్పుకున్న తీరు చెప్పాడు. "అది గూడా నిన్ను లెక్క చేయల్యానా?" అని అఫ్సానా గట్టిగా నవ్వింది. వెనక మిషన్ల మోత తగ్గింది. ఆమె లేచి దొడ్లోకి వచ్చిందని అతనికి తెలిసిపోయింది. ఎన్నో ఏళ్ళు ఆమె ఫోను పట్టుకుని నిలబడింది అక్కడే.

"ఒక అబద్ధం చెప్పినా అఫ్సానా. నువ్వు వెనకొస్తాండావని చెప్పినా వీళ్ళకు."

"నాకు అన్నం గూడా పెట్టినారా?"

"పళ్ళెం పెట్టినారు. మళ్ళ తీసేసినారు."

"అట్ల యాల చెప్పినావు?"

"ఒక్కడే వచ్చినానని చెప్పేదానికి నోరు రాల్యా."

ఆమె మెల్లగా అంది. "నేను రాకుంటే నీకు కోపమని తెలుసు మామా. రావల్లనే అనుకున్యా. బూట్లు గూడా తెచ్చుకున్యా గదా. కానీ నువ్వు ఇంట్లో ఉంటే నాకు ఏందో బెదురు. నువ్వు చూస్తాండావంటే నా చెయ్యి సరిగ ఆడదు. ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చినట్టుంటాది. ఫోన్లో ఉండే నా మామ యాడికి పాయనా అని వెతుక్కుంటాంటా. తప్పేమో ఇట్ల అనేది."

"తప్పేం కాదు" అన్నాడు వాహిద్. "నేనూ అంతే. మిద్దె మింద కూచోని నీ గురించే అనుకుంటాంటా. కిందికొస్తే నువ్వు వేరే మనిషి మాదిరి ఉంటావు."

"మరి ఎట్ల?"

"తెలీదు."

వాన వచ్చింది. ఫోను చొక్కా లోపల పెట్టుకునే లోపే లైను తెగిపోయింది.

మర్నాడు అతను అడవిలోకి పోలేదు. పొద్దున్నే బండ మీదికి పోయాడు. మధ్యాహ్నం మళ్ళీ పోయాడు. కెమెరాల వాళ్ళకు పచ్చ పాము కనబడిందట, చూపిద్దామని దుగ్గప్ప కొండెక్కి వచ్చాడు. వాహిద్ ఫోను చెవికి ఆనించుకుని చేతులు ఊపుతూ మాట్లాడుతుండటం దూరం నుంచే చూసి, పిలవకుండా దిగిపోయాడు. ఆ సంగతి తర్వాత భోజనాల దగ్గర చెప్పాడు.

రెండోసారి మాట్లాడుతున్నప్పుడు లోయ మీదుగా పెద్ద పక్షులు రెండు ఎగిరొచ్చాయి. ముక్కు మీద ఇంకో పసుపు ముక్కు పెట్టినట్టున్నాయి. రెక్కలు కొట్టినప్పుడల్లా పాత రైలింజను ఆవిరి వదిలినట్టు చప్పుడు.

"ఏంది మామా ఆ సద్దు?"

"పిట్టలు. ఉండు, విను" అని వాహిద్ ఫోనును ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడు. అవి కొండ మలుపు తిరిగేదాకా అట్లాగే పట్టుకున్నాడు. చెయ్యి దించి చెవికి పెట్టుకుంటే అఫ్సానా ఇంకా వింటూనే ఉంది.

బయల్దేరే రోజు జీపు దగ్గర దుగ్గప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి మేడమ్‌ని తీసుకురండి" అన్నాడు. వాహిద్ తల ఊపాడు. ఆమె వస్తే తను ఎవరికి ఫోను చేయాలి అన్న ఆలోచన వచ్చి, సిగ్గేసి, జీపెక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా అడవి వెనక్కి పోతుంటే ఆ ఆలోచన మాత్రం అతన్ని వదల్లేదు. ఆగుంబె చేరేసరికి ఫోనులో గీతలు నిండుగా వచ్చాయి. బస్సులో మనుషులున్నారని అతను ఫోను చేయలేదు.

ప్రొద్దుటూరు బస్టాండులో దిగేసరికి పొద్దున ఆరున్నర. ఇల్లు అక్కడికి కిలోమీటరున్నర. దిగానని చెప్పడానికి ఫోను చేశాడు.

"మామా, యాడుండావు?"

ఆమె గొంతు వినగానే చెప్పాల్సిన మాట మారిపోయింది. "వస్తాండా" అన్నాడు.

సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఆటో అతను వచ్చి, "యాడికప్పా?" అన్నాడు. వాహిద్ వద్దని చెయ్యి ఊపాడు. బెంచీ వెనకే ఒక బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు మీద కొడుతూ, "జమ్మలమడుగు, జమ్మలమడుగు! ఎక్కాల, ఎక్కాల!" అని అరిచాడు.

ఆ అరుపు ఫోనులో పడే ఉంటుంది. అఫ్సానా మాట మధ్యలో ఆగింది. అతను ఊళ్ళోనే, బస్టాండులో ఉన్నాడని ఆమెకు తెలిసిపోయింది. ఇంటికి రమ్మంటుందని అతను ఎదురుచూశాడు. పోవాలి, పోతే నీలి అంచు పళ్ళెంలో దోసెలు వస్తాయి, మిద్దె మీద కుర్చీ ఉంటుంది.

బస్సు కదిలిపోయింది.

"సరేగానీ మామా" అంది అఫ్సానా నెమ్మదిగా. "ఆ పిట్ట ముక్కు ఎట్లుండాదంటివి? సరిగ చెప్పకపాయ."

వాహిద్ సంచి కాళ్ళ మధ్యకు లాక్కుని, ఫోను రెండో చెవికి మార్చుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.